కారంచేడు చెరువు, కిన్నెరసాని బూడిద

సింగరేణి అన్న పేరు వినని తెలుగువాడు ఉండడు. సింగరేణి అన్న ఊరు ఎక్కడుందని అడిగితే మాత్రం చాలామంది కొత్తగూడెం వైపో గోదావరిఖని వైపో చెయ్యి చూపిస్తారు. ఆ ఊరు ఖమ్మం జిల్లాలో, కారేపల్లి పక్కన ఉంది. మండలం పేరు సింగరేణి, మండల కార్యాలయాలు ఉండేది కారేపల్లిలో. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీ సింగరేణి పేరు పెట్టుకుంది. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనులు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లాయి. పేరు అరువిచ్చిన ఊరు ఖమ్మంలో ఉండిపోయింది. ఒక సంపద తన పేరును ఎక్కడినుంచి తీసుకుంటుంది, తన ఫలాన్ని ఎక్కడ పంచుతుంది అన్న ప్రశ్నకు ఇంతకంటే పొట్టి ఉదాహరణ దొరకదు.

కారేపల్లి జంక్షన్‌లో రైలు మార్గం చీలుతుంది. డోర్నకల్ నుంచి వచ్చే లైను ఒక పాయగా ఇల్లెందు బొగ్గుట్టకూ, మరో పాయగా కొత్తగూడేనికీ పోతుంది. తరాలుగా ఈ దారిన బొగ్గు తరలిపోతూనే ఉంది. ఆ బొగ్గు లాభం ఎవరికి పోయింది, కాంట్రాక్టులు ఏ కులాల చేతుల్లో పడ్డాయి, బాయిలో దిగి తట్ట మోసినవాళ్లు ఎవరు, ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఎవరు అన్న చర్చ మనకు కొత్త కాదు. వ్యాగన్లలోకి ఎక్కని సరుకు మరొకటుంది. దాని సంగతి మనం తక్కువగా మాట్లాడుకున్నాం.

ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు పొర అందాలంటే పైనున్న రాయినీ మట్టినీ తవ్వి పక్కన పోయాలి. ఒక్క టన్ను బొగ్గు కోసం పలు టన్నుల మట్టి లేస్తుంది. ఇల్లెందు నుంచి మణుగూరు దాకా కనిపించే ఓబీ గుట్టలు అవే. టేకులపల్లి మండలంలో ఒక గనికి కోయగూడెం ఓపెన్‌కాస్ట్ అని పేరు. ఇక్కడ కూడా పేరు కోయలది. గుట్ట మీది సన్నమట్టి మొదటి వానకే వాగులో దిగుతుంది. ఇది తవ్వినప్పుడు మిగిలే వ్యర్థం. కాల్చినప్పుడు మిగిలేది వేరు. మన బొగ్గులో నూటికి 35 నుంచి 45 పాళ్లు బూడిదే. 1966లో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం మొదలైంది. దానికి నీరిచ్చేందుకు కిన్నెరసానికి ఆనకట్ట కట్టారు. కాలిన బూడిదను నీళ్లలో కలిపి, గొట్టాల్లో పంపి, చెరువుల్లో నింపారు. బూడిద అడుగున పేరుకుంటుంది, పైన తేరుకున్న నీరు వాగు దారి పడుతుంది. కిన్నెరసానిలోకి బూడిద నీళ్లు వస్తున్నాయని ఆ ఒడ్డు పల్లెలు చేస్తున్న ఫిర్యాదులకు దశాబ్దాల వయసుంది. కేంద్రంలోని పాత యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. 2024 ఆగస్టులో వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చితే టీవీలు పదేపదే చూపించాయి. టవర్లు క్షణాల్లో నేలకూలాయి. బూడిద చెరువులను కూల్చే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

బూడిదలో ఏముంది? సీసం, ఆర్సెనిక్, క్రోమియం, కాడ్మియం, సెలీనియం వంటివి గ్రాముల లెక్కన ఉంటాయి. రాయిలో, బొగ్గులో ఉన్నప్పుడు అవి కోట్ల ఏళ్లుగా బంధించి ఉన్నవి. బొగ్గు కాలి కర్బనం గాలిలో కలిసిపోతే, కాలనివన్నీ ఆ నూటికి నలభై పాళ్ల బూడిదలోకి దగ్గరపడతాయి. బొగ్గులో ఒక వంతు ఉన్న లోహం బూడిదలో రెండు, రెండున్నర వంతులవుతుంది. పాదరసం సగానికి పైగా పొగగొట్టం దారి పడుతుంది. గ్రాములే కదా అనుకోవచ్చు. తాగే లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 మిల్లీగ్రాము, పాదరసం 0.001 మిల్లీగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఒక్క గ్రాము కాడ్మియం మూడు లక్షల ముప్పై వేల లీటర్ల నీటిని ఆ గీత దాకా తీసుకుపోగలదన్నమాట. పైగా లోహం కుళ్లదు, ఎండకు ఆవిరికాదు, కాలంతో చావదు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లోహం ఇంకా చిక్కనవుతుంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయలో జైంతియా కొండల బొగ్గు గనుల నుంచి ఆమ్లం దిగి వాగుల రంగు మారిపోయినట్టు ఇక్కడ మారదు. అందుకే ఇక్కడి ముప్పును కళ్లతో చూసి పట్టుకోవడం కష్టం. కిన్నెరసాని ఒడ్డున చెలిమె తవ్వి బిందె నింపుకునే కోయ స్త్రీకి ఆ నీరు తేటగానే కనిపిస్తుంది. రుచి మారదు, వాసన రాదు. దంతాల మీద, ఎముకల్లో, మూత్రపిండాల్లో, పిల్లల చదువు మందగించడంలో అది బయటపడే సరికి ఏళ్లు గడుస్తాయి. అప్పటికి ఆ నొప్పికి కారణం నీరేనని రుజువు చేసే బాధ్యత కూడా ఆమె మీదే పడుతుంది.

ఇక్కడ కారంచేడును గుర్తు చేసుకోవాలి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ ఊచకోతకు ముందురోజు జరిగిందేమిటి? మాదిగలు తాగే చెరువు నీటిని పశువుల కుడితి బకెట్టుతో పాడుచేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డుచెప్పింది. తెలుగు నేల మీద దళిత ఉద్యమానికి కొత్త పుట్టుకనిచ్చిన ఘటన నీటి కాలుష్యం మీది తగాదాతో మొదలైంది. మనం దాన్ని ఆధిపత్య కులాల అహంకారంగా చదివాం, సరిగానే చదివాం. కానీ ఆ స్త్రీ అడిగింది ఆత్మగౌరవం ఒక్కటే కాదు, తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ దోసిలి పట్టిన చవదార్ చెరువు దగ్గర ప్రశ్న, ఆ నీళ్లను ముట్టే హక్కు ఎవరిది అని. కారంచేడులో ప్రశ్న, మేం ముట్టే నీళ్లను పాడుచేసే హక్కు నీకెవరిచ్చారు అని. ఈ రెండో ప్రశ్నను మనం మళ్లీ పెద్దగా అడగలేదు.

చట్టం మాత్రం అడిగింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక క్లాజు ఉంది. 2015 సవరణ తర్వాత అది సెక్షన్ 3(1)(ఎక్స్). ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊటగానీ, చెరువుగానీ, మరే నీటి వనరుగానీ ఆ వాడకానికి ఇదివరకంత పనికిరాకుండా పోయేలా ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి పాడుచేస్తే అది అత్యాచారం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. ఇదే సెక్షన్‌లో అవమానించే ఉద్దేశంతో చెత్త పారవేయడం గురించి చెప్పినచోట ఉద్దేశం అన్న షరతు ఉంది. నీటి క్లాజులో ఆ షరతు రాయలేదు. నీళ్లు పాడయ్యాయా, ఆ నీళ్లు ఎవరు వాడుకుంటారు, పాడుచేసింది ఎవరు అన్నవే అక్కడి ప్రశ్నలు. న్యాయస్థానం దీన్ని ఇంకెంత ఇరుకుగా చదువుతుందో, ఒక సంస్థను వ్యక్తిగా ఎలా నిలబెడుతుందో అన్నవి వాదించవలసిన విషయాలు. వాదించడానికైనా ముందు కేసు రాయాలి కదా. మనం ఆ క్లాజును ఊరి బావికీ, దొర కొడుకు బకెట్టుకూ పరిమితం చేసుకున్నాం. బకెట్టు స్థానంలో గొట్టం వచ్చి, దొర కొడుకు స్థానంలో ఇంజనీరు వచ్చేసరికి అది కులం సంగతి కాకుండా పోయి, కాలుష్య నియంత్రణ మండలి నోటీసు సంగతి అయిపోయింది.

ఎందుకిలా జరిగిందంటే, కులం మనకు మనిషి మనిషిని చేసే అవమానంగా మాత్రమే కనిపిస్తుంది. మాట, చూపు, చెయ్యి, కర్ర ఉంటేనే కులం. కానీ కులం భూమి మీద స్థలాలను కూడా పంచిపెట్టింది. ఊరికి దిగువన, మురుగు పారే వైపు, గాలి వీచే చివర మాలమాదిగ వాడలు ఎందుకున్నాయో చెప్పాలంటే భౌగోళిక శాస్త్రం అక్కర్లేదు, ధర్మశాస్త్రం చాలు. మైల అన్న మాటకు మన దగ్గర ఉన్న బలం చూడండి. దళితుడి నీడ పడితే నీళ్లు మైలపడ్డాయని శుద్ధి చేసుకున్న సమాజం, ఆ దళితుడి బోరులోకి సీసం దిగితే దాన్ని మైలగా గుర్తించదు. సాంకేతిక లోపమంటుంది. అడవి అంచున కథ కొంచెం వేరు. అక్కడ కోయలూ లంబాడీలూ దిగువకు నెట్టబడ్డవాళ్లు కాదు, ముందునుంచీ ఉన్నవాళ్లు. గనీ, బూడిద చెరువూ వాళ్ల దగ్గరికి వచ్చాయి. ఎస్టీ హోదా గురించి ఈ రెండు సమూహాల మధ్య నడుస్తున్న తగాదా తెలిసిందే. దాని న్యాయాన్యాయాలు ఈ వ్యాసంలో తేలేవి కావు. గూడెం నీళ్లకూ తండా నీళ్లకూ ఒకే బూడిద కలుస్తున్నదన్నది మాత్రం రెండు వైపుల నాయకులూ ఒకసారి ఆలోచించవలసిన సంగతి.

చట్టాల్లో ప్రభావిత ప్రాంతం అన్న మాట తరచుగా వస్తుంది. పర్యావరణ ప్రభావ అధ్యయనం మామూలుగా ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల వలయంలో చేస్తారు. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి 2024లో సవరించిన మార్గదర్శకాలు గని నుంచి 15 కిలోమీటర్ల దాకా నేరుగా, 25 కిలోమీటర్ల దాకా పరోక్షంగా ప్రభావిత ప్రాంతమని గీత గీశాయి. కంపాసు పెట్టి గీసినట్టు గుండ్రంగా ఉంటుంది ఈ గీత. నీరు గుండ్రంగా పారదు. అది పల్లానికి ఒక గీతలా పోతుంది. వలయంలో ఉండి, వాగుకు ఎగువనున్న ఆసామి ప్రభావితుడు. వలయం దాటి వాగు నీళ్లే తాగే గూడెం కాదు. ఇంకో చిత్రం చూడండి. ఈ నిధికి చెల్లించవలసింది ఖనిజం తవ్వే లీజుదారు. అదే బొగ్గును కాల్చి బూడిద చేసే కేంద్రానికి ఆ బాధ్యత లేదు. విషం ఎక్కువగా తేలేది కాల్చిన చోటే.

2013 భూసేకరణ చట్టం భూమి లేని కూలీని, కౌలుదారును, అడవి మీద, చేపల మీద బతికేవాణ్ణి కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది. అది గొప్ప మెట్టే. కానీ ఆ గుర్తింపు భూమిని సేకరించినప్పుడు వస్తుంది. భూమి జోలికి రాకుండా నీళ్లలోకి వచ్చినదానికి వర్తించదు. భూమి పోయిందంటే కాగితం చూపవచ్చు. నీళ్లు పోయాయనడానికి ఏ పట్టా చూపాలి? తరతరాలుగా భూమి దక్కనివ్వని వ్యవస్థ, ఇప్పుడు నష్టపరిహారానికి భూమినే కొలబద్ద చేసింది.

ప్రభుత్వ సంస్థ కదా, అది మనది కదా అన్న వాదన ఉంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. వేల దళిత, బహుజన కుటుంబాలు ఈ కొలువుతోనే పిల్లల్ని చదివించుకున్నాయి. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు బాయిలు ఆగిన రోజులను తెలంగాణ మరచిపోదు. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు కుదరదని, ప్రభుత్వ సంస్థలకూ గిరిజన సహకార సంఘాలకూ అడ్డు లేదని చెప్పింది. అదే తీర్పు నికర లాభంలో కనీసం 20 శాతాన్ని అక్కడి ప్రజల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలని కూడా అంది. మొదటి మాట అందరికీ గుర్తుంది, రెండోది అడిగేవాళ్లు తక్కువ. ప్రభుత్వానిది కాబట్టి ఆదివాసీదీ అన్న సమీకరణం ఆదివాసీ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. పైగా ఇప్పుడు ఓబీ మట్టి తీసేదీ, బూడిద ఎత్తేదీ ఎక్కువగా కాంట్రాక్టు కూలీలు. కాంట్రాక్టులో రిజర్వేషన్ లేదు. మాస్కు లేకుండా బూడిద ఎత్తే పనికి మాత్రం ఏ కోటా ప్రకటించకుండానే ఎస్సీ, ఎస్టీ, బీసీలు నిండిపోతారు. కార్మిక సంఘాలు జీతం కోసం, లాభాల వాటా కోసం, డిపెండెంట్ ఉద్యోగాల కోసం పోరాడాయి. బూడిద చెరువు కింది గూడెం వాటి డిమాండ్ల పత్రంలో పై వరుసకు ఎక్కలేదు. బాయిలో పనిచేసే అన్నా, వాగు నీళ్లు తాగే తమ్ముడూ ఒకే ఇంటివాళ్లయిన చోట కూడా ఎక్కలేదు.

2021 డిసెంబరు 31న కేంద్రం బూడిద మీద కొత్త నోటిఫికేషన్ ఇచ్చింది. పుట్టిన బూడిదనంతా మూడు నుంచి అయిదేళ్లలో వినియోగించాలి, లేకుంటే టన్నుకు 1,000 రూపాయల పర్యావరణ పరిహారం కట్టాలి, పాత నిల్వలను 2022 ఏప్రిల్ నుంచి పదేళ్లలో ఖాళీ చేయాలి. మంచిదే. అయితే వినియోగం అన్న మాటలో ఇటుకలూ సిమెంటుతో పాటు పల్లపు నేలలు పూడ్చడం, తవ్వేసిన గనుల గుంతలు నింపడం కూడా ఉన్నాయి. పల్లపు నేల ఎవరిది? తవ్వేసి వదిలిన గుంత ఏ ఊరి పక్కనుంది? బూడిద లారీ పాల్వంచలో బయలుదేరి మరో గూడెం పక్కన దిగితే లెక్కల్లో అది వినియోగం. కారేపల్లి, కామేపల్లి, ఇల్లెందు వైపు యువకులు రాబోయే ఏళ్లలో కన్నేసి ఉంచవలసిన లారీలివి.

ఇంతవరకూ అడవి అంచు సంగతి. వాగు ఇక్కడ ఆగదు. కిన్నెరసాని బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి సముద్రానికి పోతుంది. లోహం నీటిలో కరిగి పోయేది కొంతే. ఎక్కువ భాగం సన్న ఒండ్రును అంటుకుని పోతుంది. రేపు పోలవరం పూర్తయితే ఆ ఒండ్రులో చాలావరకు జలాశయం అడుగున ఆగుతుంది. 2014లో ఖమ్మం నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన కోయ, కొండరెడ్డి పల్లెల నేలే ఆ అడుగు. ఇవాళ్టికి మాత్రం దారి తెరిచే ఉంది.

నది సముద్రాన్ని కలిసే చోట ఒక రసాయన చర్య జరుగుతుంది. ఉప్పునీరు తగలగానే సన్న ఒండ్రు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి మునుగుతాయి. మడ అడవుల బురద ఇలా చేరినదే. కోరింగ మడలు నదీముఖాన జల్లెడలాంటివి. ఎగువ నుంచి వచ్చిన సీసం, క్రోమియం వంటివి అక్కడ పట్టుబడతాయి. కాడ్మియం సంగతి అందుకు వ్యతిరేకం. ఉప్పులోని క్లోరైడు దాన్ని రేణువు నుంచి ఊడదీసి తిరిగి నీళ్లలో వదులుతుంది. నదిలో మట్టిని పట్టుకుని ఉన్నది కయ్యలోకి వచ్చేసరికి ప్రాణుల్లోకి వెళ్లడానికి సిద్ధమవుతుంది. ఆలిచిప్పలు, గవ్వలు, పీతలు బురదను వడపోసి బతికే జీవాలు కాబట్టి వాటి ఒంట్లో అది పోగుపడుతుంది. పెద్ద చేప ఎగుమతికో పట్నానికో పోతుంది. గుల్లలూ పీతలూ ఇంట్లో కూరకు మిగులుతాయి. అగ్నికుల క్షత్రియ, వాడబలిజ, జాలరి, పల్లె కులాల ఇళ్లలోనూ, కయ్యల్లో చేతులతో పీతలు పట్టే యానాది ఇళ్లలోనూ తినేది ఆ మిగిలినదే.

గనుల వ్యర్థం తీరాన్ని ఏం చేయగలదో ఊహించనక్కర్లేదు. ఫిలిప్పీన్స్‌లోని మారిండూకే ద్వీపంలో ఒక రాగి గని 1975 నుంచి 1991 దాకా సుమారు 20 కోట్ల టన్నుల వ్యర్థాన్ని కలాన్‌కాన్ అఖాతంలో పోసింది. అది చాలక 1996 మార్చిలో గుంత బద్దలై బోయాక్ నది నిండిపోయింది. స్పెయిన్‌లోని పోర్ట్‌మన్ అఖాతం 1957 నుంచి 1990 దాకా సీసం, జింకు గనుల మడ్డితో పూడి, రేవు నేలగా మారింది. మన దగ్గర అంత బాహాటంగా జరగలేదు. ఇక్కడ పొయ్యడం కాదు, జారడం. విశాఖలో 1977లో మొదలై ఇప్పుడు మూతబడిన జింకు కర్మాగారపు పరిసరాల్లోనూ, ఓడరేవు అడుగు మట్టిలోనూ సీసం, జింకు, కాడ్మియం పేరుకున్నాయని పరిశోధకులు చాలా ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఆ పత్రాల్లో ఏ అడుగు మట్టిలో ఎంత లోహమో దశాంశ స్థానాలతో సహా ఉంటుంది. ఆ రేవులో వల వేసేది ఏ కులమో అడిగే గడి వాటిలో ఉండదు. మట్టి నమూనాకు కులం అక్కర్లేదు, నిజమే. తినేవాడి గురించి రాసేటప్పుడు అక్కర్లేదా?

తీరం దగ్గర నా వాదనకు ఒక చిక్కు ఉంది. సెక్షన్ 3(1)(ఎక్స్) ఎస్సీ, ఎస్టీలకే వర్తిస్తుంది. మత్స్యకారుల్లో అత్యధికులు బీసీలు. అంటే ఎగువన కోయ స్త్రీకి ఉన్న చట్టపు పట్టు దిగువన జాలరి స్త్రీకి లేదు, యానాది స్త్రీకి ఉంది. ఒకే నది, ఒకే విషం. ఈ ఖాళీని అత్యాచారాల చట్టాన్ని సాగదీసి పూడ్చలేం, పూడ్చకూడదు కూడా. ఆ చట్టం బలమే దాని నిర్దిష్టతలో ఉంది. 1974 నీటి చట్టం కింద అనుమతులిచ్చేటప్పుడు పరీవాహక ప్రాంతమంతటినీ ఒక్క యూనిట్‌గా చూడాలని, నదీముఖపు మత్స్యకార సంఘాలకు కూడా ఎగువ ప్రాజెక్టుల ప్రజాభిప్రాయ సేకరణలో గొంతు ఇవ్వాలని బీసీ ఉద్యమాలు అడగవలసి ఉంటుంది. మత్స్యకారుల రాజకీయం ఇవాళ బోట్ల సబ్సిడీ దగ్గరా, వేట నిషేధపు భృతి దగ్గరా, ఎస్టీ జాబితా డిమాండ్ దగ్గరా ఆగింది. పాల్వంచ బూడిద తమ కూరలోకి వచ్చే దారి ఆ రాజకీయంలో ఇంకా భాగం కాలేదు.

జపాన్‌లో తోయామా ప్రాంతపు జింజూ నది కథ మన విద్యార్థులు చదవాలి. ఎగువన కమియోకా గని. దాని వ్యర్థంలోని కాడ్మియం నది వెంట దిగి వరి మడుల్లో చేరింది. ఆ బియ్యం తిన్నవాళ్లలో, ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలలో, ఎముకలు దగ్గినా విరిగేంత పెళుసయ్యాయి. నొప్పి నొప్పి అని వాళ్లు మూలిగిన మాటే, ఇతాయ్ ఇతాయ్, జబ్బు పేరయింది. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్య వ్యాధిగా ఒప్పుకుంది. 1972లో పై కోర్టులోనూ రైతులు గెలిచారు. పరిహారం ఒక్కటే అయితే ఆ కథ ఇక్కడ చెప్పేవాణ్ణి కాదు. కంపెనీతో రైతులు ఒక ఒప్పందం రాయించుకున్నారు. ఎప్పుడైనా తాము ఎంచుకున్న నిపుణులను వెంటబెట్టుకుని గనిలోకి వెళ్లి తనిఖీ చేసే హక్కు వాళ్లది, ఖర్చు కంపెనీది. అప్పటి నుంచి ఏటా ఆ తనిఖీ జరుగుతోంది, నదిలో కాడ్మియం సహజ స్థాయికి దగ్గరగా తగ్గింది. అక్కడ దిగువవాడు ఎగువ గేటు తట్టగలిగాడు. మన దగ్గర బాధితుడికి దక్కేది, దక్కితే, నీళ్ల ట్యాంకరు.

ఆ గేటు తట్టే హక్కుకు మనకు ఆధారాలు లేకపోలేదు. 1996 పెసా చట్టం ఉంది, 2011లో ఉమ్మడి రాష్ట్రం రాసిన నిబంధనలు ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతపు గ్రామసభ తన వనరులను కాపాడుకోగలదని ఆ చట్టమే చెబుతుంది. గ్రామసభ తీర్మానం చేసి, బూడిద చెరువు పొర్లు నీటిని తనకు నమ్మకమైన విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు పంపమని అడగవచ్చు. నమూనా నది మధ్య స్టేషన్ దగ్గర కాక గూడెం చెలిమెలో, తండా బోరులో, దళితవాడ చేదబావిలో తీయమని పట్టుబట్టవచ్చు. మండలి పరీక్షల్లో ఆ నీళ్లు ఏ వాడవో రాయించవచ్చు. ఫలితం ప్రమాణం దాటితే ఆ కాగితాన్ని కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వడంతో ఆగక, పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి అత్యాచారాల చట్టం కింద ఫిర్యాదు రాయమని అడగాలి. రాయకపోతే అదే చట్టంలోని సెక్షన్ 4, విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగికి శిక్ష చెబుతుంది. మొదటి కేసు కొట్టివేయబడవచ్చు, రెండోది కూడా. కారంచేడు కేసులో తుది తీర్పు రావడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

ఖమ్మం, కొత్తగూడెం కళాశాలల్లో రసాయన శాస్త్రం చదివే దళిత, ఆదివాసీ విద్యార్థులు వందల్లో ఉన్నారు. ఏటా ప్రాజెక్టు రిపోర్టు కోసం ఏదో ఒక నమూనా వాళ్లు పరీక్షించే తీరాలి. ఈ ఏడాది ఆ సీసాలను తమ ఊరి చెలిమె దగ్గర నింపి, మూత మీద తేదీ, వాడ పేరు, ఆ నీళ్లు ఎన్ని ఇళ్లవాళ్లు తాగుతారో రాసి తీసుకురమ్మని అధ్యాపకులు చెప్పవచ్చు.